అడ్డు లేనిదే డెల్టా లేదు

2024 సెప్టెంబరు 1 రాత్రి బెజవాడ అంతా కృష్ణ వైపే చూసింది. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తేశారు. మర్నాటికి దిగువకు వదిలిన వరద 11.43 లక్షల క్యూసెక్కులు. 1957లో బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. అయినా సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. కృష్ణతో పోలిస్తే అదొక వాగు. దాని మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. కాలనీల మీదికి వచ్చిన నీళ్లు పోయే దారి లేక రోజుల తరబడి ఇళ్లలోనే నిలిచాయి. దారి ఉన్న పెద్ద ఏరు లక్షల క్యూసెక్కులతో సముద్రానికి వెళ్లిపోయింది. దారి దొరకని చిన్న ఏరు ఊళ్లో మకాం వేసింది.

నేను రాయబోయేది వరద గురించి కాదు. కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, చురుకు గెలాక్సీల నడిబొడ్డు నుంచి చిమ్మే జెట్లు అనే ధారల గురించి. కానీ బుడమేరు నేర్పిన పాఠం అక్కడా పనికొస్తుంది. ఎంత ఉద్ధృతితో వచ్చిందన్న లెక్క ఒక్కటే చూస్తే ఏం జరుగుతుందో తెలియదు. ఎక్కడికి వచ్చింది, దేన్ని ఢీకొంది, ఎక్కడ చిక్కుకుంది అని కూడా అడగాలి. ఆకాశం గురించి మనం చెప్పుకుంటున్న కథలో ఈ రెండో ప్రశ్న లేదు. అది లేనందువల్ల ఆ కథ తప్పుదారి పట్టింది.

ఆ కథ అందరికీ తెలిసిందే. టీవీలో, పిల్లల క్విజ్ పుస్తకాల్లో, యూట్యూబ్ వీడియోల్లో, ఆఖరికి సైన్స్ క్లాసులో కూడా అదే వినిపిస్తుంది. గెలాక్సీ నడుమ ఒక రాక్షస కృష్ణబిలం ఉంటుంది. చుట్టూ ఉన్నదంతా మింగుతుంది. అరగనిది రెండు వైపులా జెట్లుగా కక్కుతుంది. ఆ జెట్లు ఫిరంగి గుండ్లలా దూసుకుపోయి దారిలోని వాయువునంతా ఊడ్చేస్తాయి. వాయువు లేకపోతే కొత్త నక్షత్రాలు పుట్టవు. అలా కృష్ణబిలం తన గెలాక్సీని తానే చంపుకుంటుంది. ఈ కథలో కృష్ణబిలం హంతకుడు, జెట్ ఆయుధం, వాయువు నోరులేని బలిపశువు.

ఈ కథను నేను ఖండిస్తున్నాను. అయితే దాని బలాన్ని ముందు ఒప్పుకోవాలి. పూర్వపక్షాన్ని బలహీనంగా చెప్పి గెలవడం వాదం అనిపించుకోదు.

దాని బలం మూడు చోట్ల ఉంది. ఒకటి, జెట్లు మోసుకెళ్లే శక్తి నిజంగానే ఊహకు అందనిది. రెండు, అతిపెద్ద కృష్ణబిలాలున్న పెద్ద గెలాక్సీల్లో కొత్త నక్షత్రాలు చాలా అరుదుగా పుడుతున్నాయి. అవి ఎక్కువగా ముసలి నక్షత్రాల ఊళ్లు. మూడు, విశ్వంలో గెలాక్సీలు పెరిగిన తీరును కంప్యూటర్లో లెక్కకట్టేటప్పుడు కృష్ణబిలాల నుంచి వచ్చే శక్తిని కలపకపోతే, ఉండాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు బలిసిన గెలాక్సీలు వస్తాయి. పైగా, జెట్ల ధాటికి వేగంగా కొట్టుకుపోతున్న వాయువు ఐసీ 5063 లాంటి గెలాక్సీల్లో కంటికి కనిపించింది కూడా. కాబట్టి జెట్లు నక్షత్రాల పుట్టుకను తగ్గిస్తాయన్న మాట అబద్ధం కాదు. దాని నుంచి 'ఊడ్చేస్తాయి, చంపేస్తాయి' అన్న తీర్పుకు గెంతడమే తప్పు. ఆ గెంతులో భౌతికశాస్త్రం జారిపోయింది.

మొదట 'మింగడం' సంగతి. దీన్ని త్వరగా ముగించవచ్చు. సూర్యుడి స్థానంలో అంతే ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలాన్ని పెడితే భూమి ఇప్పుడు తిరుగుతున్న దారిలోనే తిరుగుతుంది. దూరంగా ఉన్నవాటికి ఆ బరువు ఒకటే. 2019 ఏప్రిల్ 10న ప్రపంచమంతా చూసిన మొట్టమొదటి కృష్ణబిలం చిత్రం ఎం87 గెలాక్సీది. ఆ బిలం బరువు 650 కోట్ల సూర్యులంత. వినడానికి భయంకరంగా ఉన్నా, ఆ గెలాక్సీ మొత్తం ద్రవ్యరాశిలో అది ఒక్క శాతం కూడా కాదు. అంత చిన్న భాగం మిగతా అంతటినీ మింగేయడం జరిగే పని కాదు. దగ్గరికి వచ్చిన వాయువు కూడా నేరుగా బిలంలో పడదు. దానికి తిరిగే గుణం ఉంది కాబట్టి చుట్టూ పళ్లెంలా పరుచుకుని తిరుగుతుంది. తిరిగే కృష్ణబిలం నుంచి అయస్కాంత క్షేత్రాలు శక్తిని ఎలా తోడగలవో బ్లాండ్‌ఫర్డ్, జ్నాజెక్ అనే శాస్త్రవేత్తలు 1977లోనే లెక్కకట్టి చూపారు. జెట్ వాంతి కాదు. తిరిగే చక్రం నుంచి తోడిన శక్తి.

రెండో తప్పు ఇంతకన్నా లోతైనది. బలమైన జెట్ ఎక్కువ నాశనం చేస్తుంది, బలహీనమైనది తక్కువ చేస్తుంది అని అందరూ అనుకుంటారు. సహజమే. కానీ గెలాక్సీ లోపలి వాయువు గదిలో గాలిలా సమంగా పరుచుకుని ఉండదు. దట్టమైన మబ్బులు మబ్బులుగా, వాటి నడుమ పలుచని ఖాళీలుగా ఉంటుంది. అలాంటి చోట జెట్ ఏం చేస్తుందో దీపాంజన్ ముఖర్జీ, ఆయన సహచరులు 2016లో కంప్యూటర్లో నడిపించి చూశారు. ఆయన పుణెలోని ఐయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థకు చెందినవారు. బలమైన జెట్ మబ్బుల మధ్య దారి తొలుచుకుని త్వరగా గెలాక్సీ దాటిపోయింది. బలహీనమైన జెట్ త్వరగా బయటపడలేకపోయింది. మబ్బుల సందుల్లో చిక్కుకుని, నలువైపులా చీలి, చాలాకాలం అక్కడే ఉండి వాయువును కలచివేసింది.

ఈ ఫలితాన్ని నేను మొదటిసారి చదివింది వరదకు చాలా ముందు. దాని అర్థం మనసుకు పట్టింది మాత్రం సింగ్‌నగర్ మునిగాకే. బ్యారేజీ గేట్ల కింద 11 లక్షల క్యూసెక్కులు దాటిపోయాయి. ఊళ్లో చిక్కుకున్నది బుడమేరు. దూసుకుపోయే దానికన్నా చిక్కుకునేదే చుట్టుపక్కల వాటితో ఎక్కువ పని పెట్టుకుంటుంది. అక్కడా ఇదే, ఇక్కడా ఇదే.

ఆ లెక్కల్లో ఇంకో సంగతి తేలింది. జెట్ ధాటికి లేచిన వాయువులో ఎక్కువ భాగం గెలాక్సీని వదిలి పారిపోవడం లేదు. పైకి లేచినది మళ్లీ గెలాక్సీలోకే వాలుతోంది. తీరా చూస్తే 'ఊడ్చేయడం' అని మనం పిలిచేదాంట్లో అధిక భాగం ఎగజిమ్మి దించడమే. ఐసీ 5063లో జెట్ గెలాక్సీ పళ్లేనికి నిటారుగా బయటికి పోకుండా ఆ పళ్లెంలోకే దూరింది. అందుకే అక్కడ అంత అలజడి. జెట్ నిటారుగా బయటికి పోయి ఉంటే అదే శక్తి అంత కల్లోలం చేసేది కాదు.

మూడో తప్పు వాయువును బలిపశువుగా చూడటం. నాకు అన్నిటికన్నా ఎక్కువ అభ్యంతరం దీనితోనే.

కృష్ణాతీరంలో పుట్టినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య ఇరుకున దూసుకొచ్చిన నది దిగువకు వెళ్లేకొద్దీ నెమ్మదిస్తుంది. పులిగడ్డ దగ్గర పాయలవుతుంది. హంసలదీవి దగ్గర సముద్రానికి తగులుతుంది. సముద్రం తగిలాక నీటి వేగం చస్తుంది. వేగం చచ్చాక మోసుకొచ్చిన ఒండ్రు కిందికి దిగుతుంది. మేట వేస్తుంది. పోటు వచ్చినప్పుడు నీళ్లు ఎగదన్నుతాయి. ఆ మేటలే వేల ఏళ్లకు దివిసీమ అయ్యాయి, బందరు అయ్యాయి, మనం అన్నం తినే నేల అయ్యాయి. డెల్టాను నది ఒక్కటే కట్టలేదు. నదిని ఆపిన సముద్రం కూడా కట్టింది. అడ్డు లేనిదే డెల్టా లేదు.

చురుకు గెలాక్సీల జెట్ల చివర కనిపించేవి అచ్చంగా అలాంటివే. 1953లో రోజర్ జెన్నిసన్, కలకత్తా నుంచి వెళ్లిన మృణాల్ కుమార్ దాస్‌గుప్తా ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్‌లో హంస రాశిలోని సిగ్నస్-ఎ రేడియో మూలాన్ని పరిశీలించారు. ఒకే చుక్క అనుకున్నది రెండు ముద్దలుగా తేలింది. గెలాక్సీకి అటొకటి, ఇటొకటి. ఆ గెలాక్సీ దాదాపు 76 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆ ముద్దలు ఎందుకు వెలుగుతున్నాయన్నది ఇరవై ఏళ్లు చిక్కుముడిగానే ఉండిపోయింది. 1974లో ష్యూయర్ ఒకవైపు, బ్లాండ్‌ఫర్డ్, రీస్ మరోవైపు దాన్ని విప్పారు. నడుమ నుంచి నిరంతరాయంగా ధార వస్తోంది. అది గెలాక్సీల మధ్యనున్న పలుచని వాయువును ఢీకొని ఆగుతోంది. ఆగిన చోట మెరుపు మచ్చ పుడుతోంది. ఆగిన పదార్థం పక్కలకు తిరిగి, వెనక్కి పారి, ఉబ్బిన ముద్ద అవుతోంది.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ధారలోని పదార్థం దాదాపు కాంతి వేగంతో వస్తుంది. కానీ ధార కొస అంత వేగంగా ముందుకు పోదు. ఎదురున్న వాయువును తోసుకుంటూ, కాంతి వేగంలో కొద్ది శాతంతోనే జరుగుతుంది. ఎంత వేగంగా జరగాలో నిర్ణయించేది ధార బలం ఒక్కటే కాదు, ఎదురున్న వాయువు సాంద్రత కూడా. ఆ వాయువు ఘన సెంటీమీటరుకు ఒక కణం కూడా లేనంత పలుచన. అయినా లక్షల కాంతి సంవత్సరాల పొడవునా పరుచుకుని ఉంటే ఆ పలుచదనమే గోడ అవుతుంది. ఆ గోడే లేకపోతే మెరుపు మచ్చా లేదు, ముద్దలూ లేవు. ధార వ్యాపించి, పలచబడి, చూపుకు అందకుండా పోతుంది. ఏ ఆకారాలను చూసి మనం 'జెట్ ప్రతాపం' అంటున్నామో అవి వాయువు ఎదురు నిలిచినందువల్లే కనిపిస్తున్నాయి.

దీనికి మంచి రుజువు 2020లో వచ్చింది. దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్ రేడియో టెలిస్కోపుతో పీకేఎస్ 2014-55 అనే గెలాక్సీని చూశారు. అది దాదాపు 80 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని జెట్లు 25 లక్షల కాంతి సంవత్సరాల మేర సాగాయి. ఆకారం మాత్రం ఇంగ్లీషు ఎక్స్ అక్షరంలా ఉంటుంది. రెండు కృష్ణబిలాలు కలిసిపోయి జెట్ దిశ తిరిగిందేమో అన్న ఊహ చాలాకాలంగా ఉంది. మీర్‌కాట్ చిత్రం దాన్ని తోసిపుచ్చింది. బయటి వాయువు ఒత్తిడికి ఆగిన ధార వెనక్కి మళ్లి, గెలాక్సీ చుట్టూ ఉన్న వాయువుకు తగిలి, పక్కకు ఒరిగి పారుతోంది. మన మాటలో చెప్పాలంటే ఎగదన్నింది. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు కాటన్. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తికావడానికి కారకుడైన దొర పేరూ కాటనే. ఇద్దరికీ చుట్టరికం అంటగట్టను. కానీ నీటి ఎగదన్ను తెలిసిన ఊరివాణ్ణి కనుక ఆ పేరు అక్కడ కనిపించగానే నాకు ఒళ్లు పులకరించింది.

ఈ ఆలోచనకు మన దేశంలోనూ దారి వేసినవాళ్లున్నారు. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థకు చెందిన లక్ష్మీ సారిపల్లి, రవి సుబ్రహ్మణ్యన్ 2009లో రకరకాల రేడియో గెలాక్సీల జెట్ల దిశను, వాటి ఆతిథేయ గెలాక్సీ ఆకారంతో పోల్చి చూశారు. కోలగా ఉన్న గెలాక్సీలో జెట్ పొడవాటి వైపుగా వెళ్తే ఎక్స్ ఆకారాలు రావడం, పొట్టి వైపుగా వెళ్తే జెట్ చాలా దూరం సాగి మహాకాయ రేడియో గెలాక్సీ కావడం వాళ్ల గమనికలో కనిపించింది. పొడవాటి వైపు దాటాల్సిన వాయువు ఎక్కువ. పొట్టి వైపు తక్కువ. జెట్ తలరాతలో చుట్టూ ఉన్న వాయువు చేతిరాత కనిపిస్తోంది.

సామాన్యులు కూడా ఇందులో పాలు పంచుకున్నారు. ఆనంద హోతా నడిపే రాడ్ ఎట్ హోమ్ అనే పౌర శాస్త్ర బృందం 2022లో ఆర్‌ఏడీ12 అనే జంటను ప్రకటించింది. ఒక గెలాక్సీ జెట్ పక్క గెలాక్సీని ఢీకొని, అక్కడే ఆగి, పుట్టగొడుగు గొడుగులా ఉబ్బింది. అడ్డు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకన్నా సూటి చిత్రం దొరకదు.

నాలుగో తప్పు 'విస్ఫోటం' అనే మాట. 2020లో ఓఫియూకస్ గెలాక్సీ గుంపులో వేడి వాయువు మధ్య ఒక బ్రహ్మాండమైన బుడగ బయటపడింది. ఎక్స్‌రే టెలిస్కోపులు దాని అంచును చూశాయి. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు, ఆస్ట్రేలియాలోని మరో రేడియో టెలిస్కోపు కలిసి ఆ బుడగను నింపిన రేడియో పదార్థాన్ని చూశాయి. వార్తలన్నీ 'మహావిస్ఫోటం తర్వాత అతి పెద్ద విస్ఫోటం' అని అరిచాయి. అంతకు ముందు రికార్డు ఎంఎస్ 0735 అనే గెలాక్సీ గుంపుది. 260 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. 2005లో అక్కడ కనిపించిన రెండు బుడగల్లో ఒక్కొక్కటి ఆరు లక్షల కాంతి సంవత్సరాలకు పైబడిన వెడల్పు. ఒక్కో బుడగలో మన పాలపుంత లాంటివి ఆరు వరసగా పడతాయి. పక్కకు తొలగిన వాయువు లక్ష కోట్ల సూర్యులంత.

ఇంత పెద్దదాన్ని విస్ఫోటం అనక ఏమనాలి అంటారా? వేగం చూడండి. ఆ బుడగలు ఉబ్బడానికి పట్టిన కాలం దాదాపు పది కోట్ల ఏళ్లు. వాటి అంచున ఉన్న ఆఘాత తరంగం వేగం అక్కడి ధ్వని వేగానికి ఒకటిన్నర రెట్లు కూడా లేదు. బాంబు వెంటనే పేలుతుంది. ఇది బుడగను మెల్లగా ఊదడం. ఇంటర్ చదివిన ఎవరికైనా తెలుసు, వాయువును తోసుకుంటూ బుడగ ఉబ్బాలంటే ఒత్తిడిని ఘనపరిమాణంతో గుణించినంత పని చేయాలి. ఆ పని వాయువు మీదే జరుగుతుంది. జెట్ శక్తిని శాస్త్రవేత్తలు కొలుస్తున్నదే ఈ లెక్కతో. బుడగ చుట్టూ వాయువు ఎంత ఒత్తిడి పెడుతోందో చూసి, లోపల ఎంత శక్తి పోయి ఉంటుందో చెబుతున్నారు. అంటే వాయువు మనకు కొలబద్ద కూడా.

ఇంకాస్త దగ్గరికి, 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని పెర్సియస్ గుంపుకు వెళ్దాం. ఇక్కడ వాయువు నాలుగైదు కోట్ల డిగ్రీల వేడి మీద ఉంటుంది. అది ఎక్స్‌రేలను వెదజల్లుతూ చల్లబడుతూ ఉండాలి. చల్లబడితే నడుమకు కుంగాలి. ఇలాంటి గుంపుల్లో ఏటా వందల సూర్యులంత వాయువు చల్లబడి నక్షత్రాలై పోవాలని లెక్కలు చెప్పాయి. 1999లో ఆకాశానికి ఎగసిన చంద్ర, ఎక్స్ఎంఎం-న్యూటన్ టెలిస్కోపులు వెతికాయి. అంత చల్లని వాయువు కనిపించలేదు. ఏదో దాన్ని వెచ్చగా ఉంచుతోంది. పెర్సియస్ నడుమ జెట్లు ఊదిన బుడగలు ఉన్నాయి. వాటి నుంచి బయటికి పాకే అలలను చంద్ర టెలిస్కోపు 2003లో చూపింది. ఒక అలకూ మరో అలకూ మధ్య దాదాపు కోటి ఏళ్లు. మన హార్మోనియం మధ్య స్వరానికి 57 సప్తకాల కింద ఉన్న ధ్వని అది.

ఇంత జరుగుతున్నా అక్కడి వాయువు ఎంత అల్లకల్లోలంగా ఉంది? 2016లో జపాన్ పంపిన హిటోమి ఉపగ్రహం చెడిపోయే ముందు దొరికిన కొద్ది రోజుల్లోనే దీన్ని కొలిచింది. సెకనుకు 164 కిలోమీటర్లు. ఆ వేడిలో ధ్వని సెకనుకు దాదాపు వెయ్యి కిలోమీటర్లు పోతుంది. అంటే జెట్లు కోట్ల ఏళ్లుగా పనిచేస్తున్నా, ఆ వాయువు చాలా నిమ్మళంగా ఉంది. ఊడ్చేసిన ఇల్లు ఇలా ఉండదు. వాయువు అక్కడే ఉంది, వెచ్చగా ఉంది, కుంగిపోకుండా ఉంది. చల్లబడి నడుమకు చేరిన వాయువు బిలానికి మేత అవుతుంది. మేత దొరికితే జెట్ లేస్తుంది. జెట్ లేస్తే వాయువు వేడెక్కుతుంది. వేడెక్కితే మేత తగ్గుతుంది. మేత తగ్గితే జెట్ తగ్గుతుంది. బందరు కాలువ లాకుల దగ్గర నీటి మట్టం చూసి తలుపు ఎత్తే, దించే లస్కరు పని ఇది. అక్కడ ఆ పనికి మనిషి లేడు. వాయువే మట్టం, వాయువే తలుపు.

ఇక ఐదోది, 'చంపేస్తుంది' అన్న తీర్పు. ఎన్‌జీసీ 541 అనే గెలాక్సీ జెట్ దారిలో ఒక చిన్న నీలి మబ్బు ఉంది. దాని పేరు మింకోవ్‌స్కీ వస్తువు. అందులోని నక్షత్రాల సగటు వయసు కోటి ఏళ్లు కూడా నిండలేదు. జెట్ తగలడం వల్లే వాయువు నలిగి, చల్లబడి అక్కడ నక్షత్రాలు పుట్టాయని 2006లో పరిశోధకులు వాదించారు. మనకు దగ్గరి చురుకు గెలాక్సీ సెంటారస్-ఎలోనూ జెట్ దారి పొడవునా కుర్ర నక్షత్రాల తీగ కనిపిస్తుంది. ఫీనిక్స్ గెలాక్సీ గుంపులో ఆల్మా టెలిస్కోపు 2017లో మరింత ఆశ్చర్యం చూపింది. జెట్లు ఊదిన బుడగల అంచులను చుట్టుకుని చల్లని అణువుల వాయువు తీగలుగా ఉంది. వేడి చేసే జెట్టే, వాయువును పైకి ఎత్తి చల్లబడే చోటికి కూడా చేరుస్తోంది.

'ఇవి మినహాయింపులు. మొత్తం మీద జెట్లు నక్షత్రాల పుట్టుకను తగ్గించడమే ఎక్కువ' అంటారు. అవును, ఎక్కువే. జెట్లు పోషించే తల్లులు అని నేను అనడం లేదు. కానీ తగ్గించడం కూడా ఎలా జరుగుతోందో చూడండి. 2014లో జయదీప్ బాగ్చీ బృందం జె2345-0449 అనే సర్పిల గెలాక్సీని వెలికి తీసింది. దాని జెట్లు 50 లక్షల కాంతి సంవత్సరాలకు పైగా సాగాయి. ఆ గెలాక్సీలో చల్లని వాయువు దండిగా ఉంది. అయినా నక్షత్రాలు పుట్టాల్సినంత పుట్టడం లేదు. 2021లో దాన్ని కొలిచినవాళ్లు చెప్పిన కారణం, జెట్ శక్తి ఆ వాయువును కలచివేస్తూ గట్టిపడనివ్వడం లేదని. నక్షత్రాల పుట్టుక ఆగింది నిజమే. వాయువు మాత్రం ఎక్కడికీ పోలేదు. 'ఊడ్చేయడం' అనే కథ ఈ గెలాక్సీ ముందు నిలవదు.

ఇంకో అభ్యంతరం నా మీదికే వస్తుంది. నది ఉపమానంతో గెలాక్సీని చెప్పడం ఏం శాస్త్రం అని. న్యాయమైన ప్రశ్న. కృష్ణ నీరు సముద్రపు నీటితో పోలిస్తే కొద్దిగానే తేలిక. జెట్ మాత్రం తన చుట్టూ ఉన్న వాయువు కన్నా ఎన్నో రెట్లు తేలిక, దాదాపు కాంతి వేగం, అయస్కాంత క్షేత్రంతో బిగిసి ఉంటుంది. నది పల్లానికి పారుతుంది. జెట్ గెలాక్సీ ఆకర్షణకు ఎదురు వెళ్తుంది. కాబట్టి డెల్టాను నేను రుజువుగా చూపడం లేదు. రుజువులు పైన చెప్పిన కొలతలు. డెల్టా నాకు చూపు నేర్పింది. ఒక ధారను చూసినప్పుడు అది ఎవరిని ఢీకొంటోందని కూడా అడగడం నేర్పింది.

ఇంత పట్టుదలగా ఎందుకు వాదిస్తున్నానంటే, తప్పు కథ పిల్లల చేత తప్పు ప్రశ్నలు అడిగిస్తుంది. కొన్నేళ్ల కిందట ఒక బడి పిల్లలకు రాత్రి ఆకాశం చూపించడానికి వెళ్లాను. మే మొదటి వారం, రాత్రి తొమ్మిదిన్నర దాటింది. కన్యారాశి నడినెత్తిన ఉంది. ఎం87 మన ఊరి నడినెత్తికి నాలుగు డిగ్రీల దూరంలోనే దాటుతుంది. కళ్లకు కనిపించదు, కానీ అది ఉండే చోటు చేత్తో చూపించవచ్చు. 1918లో హెబర్ కర్టిస్ ఆ గెలాక్సీ నడుమ నుంచి సూటిగా వెళ్తున్న వింత గీత ఒకటి చూశాడనీ, అదే మనం చూసిన మొట్టమొదటి జెట్ అనీ చెప్పాను. ఒక అమ్మాయి అడిగింది: "సార్, కృష్ణబిలం కృష్ణ, మన కృష్ణ ఒకటేనా?"

నల్లనిది అని అర్థం చెప్పాను. బాగానే ఉంది. తర్వాత ఆమె ఇంకోటి అడిగింది: "ఆ గీత ఎక్కడికి పోతుంది సార్?"

దానికి నేను, "దారిలో ఉన్నదాన్నంతా ఊడ్చుకుంటూ పోతుందమ్మా" అన్నాను. ఆ రోజు నేనూ ఆ కథే చెప్పాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. అడగాల్సిన తర్వాతి ప్రశ్నను నా జవాబే మూసేసింది.

2024 జనవరిలో మన దేశం స్క్వేర్ కిలోమీటర్ అరే అనే, ప్రపంచంలోకెల్లా పెద్దది కాబోతున్న రేడియో టెలిస్కోపులో భాగస్వామి అవడానికి 1,250 కోట్ల రూపాయలు కేటాయించింది. జెట్లూ వాయువూ కలిసే చోట్లను ఇప్పటికన్నా ఎంతో స్పష్టంగా చూపబోయే పరికరం అది. అందులో పనిచేయాల్సినవాళ్లు ఇప్పుడు మన బడుల్లో కూర్చుని ఉన్నారు. వాళ్ల పుస్తకాల్లోంచి 'మింగేస్తుంది, కక్కుతుంది, చంపేస్తుంది' అనే మాటలు తీసేయండి. వాటి చోట ఒక బొమ్మ వేయండి. ఒక ధార, దాని ఎదుట ఒక వాయువు, రెండూ కలిసే చోట ఒక మెరుపు మచ్చ, అక్కడి నుంచి వెనక్కి మళ్లిన పాయలు. ఉపాధ్యాయులు వీలైతే పిల్లల్ని ఒక పూట హంసలదీవికి తీసుకెళ్లండి. ఎర్రటి నది నీరు సముద్రాన్ని తాకి నిలిచిపోయే గీత దగ్గర నిలబెట్టండి. పోటు వేళ నీరు వెనక్కి రావడం వాళ్ల కాళ్లకే తెలియనివ్వండి.

ఆ అమ్మాయి ఈపాటికి కాలేజీలో ఉంటుంది. ఈ వ్యాసం ఆమె కంట పడుతుందో లేదో తెలియదు. పడితే, అమ్మా, నీ రెండో ప్రశ్నకు ఇది నా సవరించుకున్న జవాబు: ఆ గీత ఎక్కడికి పోతుందో దాని ఎదుట ఉన్నదాన్ని చూడకుండా చెప్పలేం. ఆ రోజే నిన్ను హంసలదీవికి తీసుకెళ్లి ఉండాల్సింది.